శనివారం ఇనుము

చోడవరం
6 అక్టోబరు 2024

సంధ్యా,

నిన్న నువ్వు ఫోన్లో ఏదో చెప్పావు. నా చెవిలో వినికిడి మిషను ఈల వేసింది. నేను "సరేనమ్మా" అన్నాను. దేనికి సరే అన్నానో నాకు తెలియదు. అందుకే చెబుతున్నాను, విషయం ఉన్నదైతే ఉత్తరం రాయి. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే కదా.

ఇప్పుడు నా విషయం. వైజాగులో మా గోల్ఫ్ క్లబ్బు నుంచి కార్డు వచ్చింది. డిసెంబరు ఇరవై రెండున ఆడవాళ్ళ పోటీ. ఏటా వస్తుంది, ఏటా ఆడతాను. ఈసారి నా పేరు పక్కన 'ముఖ్య అతిథి' అని అచ్చు వేశారు. కొత్త కెప్టెన్ ప్రవల్లిక మంచి పిల్లే. కార్డు వెనక తన చేత్తో రాసింది: "ఆంటీ, ఈ ఏడు మీరు కష్టపడొద్దు. వేదిక మీద కూర్చోండి. సన్మానం చేస్తాం."

సన్మానమంటే ఏమిటో నాకు తెలియదా? ఎముకల వార్డులో నర్సుగా జీవితమంతా చేశాను. రిటైరైన రోజు ఒక శాలువా కప్పారు, పళ్ళ బుట్ట ఇచ్చారు, నా గురించి నాకే తెలియని గొప్పలు చెప్పారు. మర్నాడు కళ్ళజోడు మర్చిపోయానని వార్డుకి వెళితే, నా కుర్చీలో కూర్చున్న పిల్ల "విజిటింగ్ అవర్స్ నాలుక్కి అమ్మా" అంది. అదీ శాలువా అంటే. ఇంక నువ్వు లేవక్కర్లేదని పదిమందీ చప్పట్లు కొట్టి చెప్పడం.

నేను ఆడతానని జవాబు రాసి పడేశాను.

చిక్కల్లా ఏడో హోలు దగ్గర, అంటే బంతి వేయాల్సిన ఏడో గుంట. అక్కడో మడుగుంది. బంతి దాన్ని దాటి అవతలి గట్టున పడాలి. ఇదివరకు మాటలాడుకుంటూ దాటించేదాన్ని. నిరుడు పెరట్లో జారిపడి మణికట్టు విరిగింది కదా, అప్పటినుంచి బంతి మడుగు మధ్యకి వెళ్ళి కూర్చుంటోంది. (పడింది నాచుపట్టిన గచ్చు మీద. నింద మాత్రం గోల్ఫు మీద.) వయసైనవాళ్ళకీ, బంతి సరిగా తగలనివాళ్ళకీ ఇప్పుడు కొత్తరకం కర్రలు వచ్చాయట. హైబ్రిడ్ ఐరన్లు అంటున్నారు. మా వైపు హైబ్రిడ్ అంటే వరి విత్తనమే. నువ్వు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదానివి, ఏది ఎందుకు మంచిదో తూచి రాయి.

మీ నాన్నకి చెప్పకు. గోడకి అవతలి వాటాలో ఉంటాడన్న మాటేగానీ నా తమ్ముడు దాసు చెవులు రెండూ నా వాటాలోనే ఉంటాయి. నేను బంతి కొట్టిన చప్పుడైతే చాలు, "అప్పా, ఇంకాపీ" అని కేకేస్తాడు.

ఇంకా ఆపని,
అచ్చియ్యమ్మ అత్త


హైదరాబాదు
20 అక్టోబరు 2024

అత్తా,

నీ ఉత్తరం క్లాసుకి వెళ్తూ చదివాను, క్లాసు నుంచి వస్తూ మళ్ళీ చదివాను. ఏం రాయాలో తోచడానికి వారం పట్టింది. నా సంగతి నీకు తెలుసుగా. కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరడానికే నాకు అరగంట కావాలి.

మొన్న ఆదివారం ఇక్కడ గోల్ఫు సామాన్ల షాపుకి వెళ్ళాను. సేల్స్ ఆయన "ఎవరికి మేడమ్?" అన్నాడు. మా మేనత్తకన్నాను. "ఏజ్?" అన్నాడు. అరవై తొమ్మిది అనగానే నన్ను వేరే వరసలోకి తీసుకెళ్ళాడు. ఆ నాలుగడుగులూ నడుస్తుంటే నీ వెనక నీ పరువేదో తీస్తున్నట్టనిపించింది. ఎందుకో చెప్పలేను.

సరే, తూచిందంతా రాస్తున్నాను.

ఒక రకంలో సెట్టు మొత్తం హైబ్రిడ్డే. ప్రతి కర్ర తలా బోర్లించిన గరిటెలా వెనక్కి ఉబ్బి ఉంటుంది, లోపల బోలు. బరువంతా అడుగునా, వెనకా పెట్టారు గనక బంతి సులువుగా పైకి లేస్తుంది. నడిబొడ్డున తగలకపోయినా దూరం మరీ పడిపోదు. అడుగు వెడల్పు కాబట్టి గడ్డిలో దిగబడకుండా జారుతుంది. లోపమూ ఉంది. గట్టి నేల మీద ఆ వెడల్పే ఎగిరొచ్చి బంతి నెత్తిన కొడుతుందట. దగ్గర దెబ్బలకి నాజూకు తక్కువ. సముద్రపు గాలిలో బంతి అంత ఎత్తు లేస్తే ఎటు పోతుందో నాకు అనుమానమే.

ఇంకో రకం సగం సగం. దూరానికి వాడే నాలుగు, ఐదు, ఆరు నంబరు కర్రలు హైబ్రిడ్డులా ఉంటాయి, దగ్గరికి వాడే ఎనిమిది, తొమ్మిది మామూలు ఐరన్లలా. ఎక్కువమంది దీన్నే మెచ్చుకుంటున్నారు. మూడోది మామూలు ఐరనే, వెనక కాస్త తొలిచి అడుగు కాస్త వెడల్పు చేశారు. చూడ్డానికి నీ పాత సెట్టులాగే ఉంటుంది. ఎవరూ గుర్తుపట్టరు.

ఒక మోసం కూడా పట్టుకున్నాను. ఒక కంపెనీ ఏడు అని వేసిన కర్ర ఇంకో కంపెనీ ఆరుతో సమానం. తల ముఖాన్ని నిటారుగా చేసేసి, చూశారా మా ఏడుతో ఎంత దూరం పోయిందో అంటారు. దూరం పోతుంది, ఎత్తు లేవదు. నీకు కావలసింది రెండూ. కాబట్టి నంబరు చూసి కాకుండా వాలు చూసి కొనాలి. కాడలు స్టీలువి వద్దు, గ్రాఫైట్ తీసుకుందాం. దెబ్బ అదురు మణికట్టు దాకా రాదు.

వీటిని అమ్మేవాళ్ళు ఫర్‌గివింగ్ అంటున్నారు. మన తప్పుల్ని క్షమిస్తాయట.

అత్తా, ఒక మాట. అడగాలా వద్దా అని ఇక్కడిదాకా లాగాను. ఒకవేళ ప్రవల్లిక నిజంగా గౌరవంతోనే శాలువా అందేమో? ఒకవేళ ఆ మణికట్టు మళ్ళీ విరిగితే? నేను ఆడొద్దనడం లేదు.

నీ
సంధ్య


చోడవరం
28 అక్టోబరు 2024

ఏమే సంధ్యారాణీ,

ఆడొద్దనడం లేదు అని రాసేవాళ్ళంతా ఆడొద్దనే అంటారు.

నన్ను క్షమించడానికి ఆ ఇనుమెవరు? నేనేం నేరం చేశాను? అరవై తొమ్మిదేళ్ళు రావడం నేరమా? వితంతువై, ఉద్యోగం చేసి, పెన్షన్ తెచ్చుకుని, బుధవారం బుధవారం కర్రల సంచీ ఆర్టీసీ బస్సులో వేసుకుని వైజాగు పోయి ఆడుకుని రావడం నేరమా? ఆ ఇనుము నన్ను క్షమించక్కర్లేదు. చెప్పినట్టు వింటే చాలు.

మూడో రకం దగ్గర "ఎవరూ గుర్తుపట్టరు" అని రాశావు. ఆ ముక్క చదివాక నిన్నో బంతితో కొట్టాలనిపించింది. దొంగసొత్తా దాచుకోడానికి? మా వార్డులో తుంటి విరిగిన పెద్దమనుషులు చేతికర్ర పట్టుకోడానికి సిగ్గుపడి మంచానికే అతుక్కుపోయేవారు. ఆడవాళ్ళు వాకరు పట్టుకుని టకటకా క్యాంటీను దాకా పోయి టీ తాగొచ్చేవారు. ఎవరు ఇంటికి నడిచి వెళ్ళారో నాకు తెలుసు.

నాకు మొదటి రకమే కావాలి. సెట్టు మొత్తం. అందరికీ కనబడేవి, ఆ బోర్లించిన గరిటెలే.

గట్టి నేల గురించి నువ్వన్నది మాత్రం నిజం. మన చెరుకు కొట్టేశాక మోటారు షెడ్డు పక్కన కాస్త మేర చదును చేయించి గరిక పెంచాను, అదే నా మైదానం. రాయిలా ఉంటుంది. అక్కడ పాత కర్రతో కొడుతుంటే పక్క చేలో చెరుకు కొట్టడానికి వచ్చిన చిన్నతల్లి కత్తి పక్కనపెట్టి నిలబడింది.

"ఓలమ్మా, ఏటది, పాముని కొడతన్నావా?"

"కాదే, బంతిని."

"బంతేటి సేసింది నిన్ను?"

ఏం చెప్పను? "మాట ఇంటం లేదే" అన్నాను. "ఐతే ఇంకోటెయ్యి" అని కూలీల్నందర్నీ పిలిచింది. అదీ ప్రోత్సాహమంటే. చదువుకున్నదానివి నువ్వూ ఉన్నావు, ఉత్తరమంతా ఒకవేళలే.

మీ అత్త


హైదరాబాదు
14 నవంబరు 2024

అత్తా,

నీ ఉత్తరం తిట్టులా వచ్చింది, నాకెందుకో హాయిగా ఉంది. మళ్ళీ షాపుకి వెళ్ళాను. ఈసారి ఆయన నన్నే కొట్టి చూడమన్నాడు. వల కట్టిన గది, ఎదురుగా తెర. నేను చీర కుచ్చెళ్ళు దోపుకుని నిలబడ్డాను. నలభై ఆరేళ్ళు వచ్చాయి, చేత్తో బంతి పట్టింది ఎప్పుడో హైస్కూల్లో.

ముందు నీ పాత సెట్టులాంటి పల్చటి కర్ర ఇచ్చాడు. మొదటిసారి బంతికి తగల్లేదు. రెండోసారి అంచుకి తగిలింది. మోచేతిదాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంది, బంతి పక్కకి దొర్లిపోయింది. తరువాత నువ్వడిగిన గరిటె ఇచ్చాడు. ఇది కూడా నేను సరిగా కొట్టలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా బంతి లేచింది. లేచి, తెర మీది ఆకాశంలో మెల్లగా వంగి, ఎక్కడో పచ్చిక మీద పడింది. నేను నోరు తెరుచుకు నిలబడ్డాను. వెనక ఎవరో యువకుడు "నైస్, ఆంటీ" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఇంకో బంతి అడిగాను.

ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. సరిగ్గా చేస్తానన్న నమ్మకం కలిగితేగానీ నేనే పనీ మొదలుపెట్టను. ఎన్నిటిని అలా మొదలుపెట్టకుండానే వదిలేశానో.

నీ సెట్టు ఆర్డరిచ్చేశాను, నా కానుక. కాడలు నీ ఎత్తుకి కోయించి పంపుతారు. నెలాఖరుకి అందుతుంది. నీకు కాలింగ్ బెల్లు వినబడదు గనక కొరియర్‌కి నాన్న ఫోను నంబరు ఇచ్చాను. నాన్నకి చెప్పక తప్పలేదు. "ఊఁ" అన్నాడు, అంతే. తిట్టకు.

అందిన రోజే రెండు ముక్కలు రాయి. ఎలా ఉన్నాయో వినాలని ఉంది.

సంధ్య


హైదరాబాదు
5 డిసెంబరు 2024

అత్తా,

పెట్టె నీకు అందినట్టు నా ఫోనుకి మెసేజి వచ్చి అయిదు రోజులైంది. రోజూ పోస్టుమాన్ కోసం చూస్తున్నాను. నువ్వు రాయలేదు. నచ్చితే ఆ పూటే రాసేదానివి, తిట్టాలన్నా ఆ పూటే రాసేదానివి. నీ మౌనం నాకు అలవాటు లేదు.

తప్పు నాదేనేమో. అంత లావు తలలు చేతిలోకి వచ్చాక నీకు మనసు చివుక్కుమనుంటుంది. ఉత్తరంలో చదవడం వేరు. కానుక అంటూ నేను పంపింది నీకు మందుల డబ్బాలా కనబడిందేమో. నాన్నకి ఫోన్ చేస్తే "అప్ప బాగానే ఉంది" అని మాట మార్చాడు.

వద్దనిపిస్తే వెనక్కి పంపెయ్. శాలువా కప్పించుకోవాలనిపిస్తే కప్పించుకో. నేను వేరేగా అనుకోను. నా మాటకి విలువ ఇవ్వమనడం లేదు, జవాబివ్వమంటున్నాను.

సంధ్య


చోడవరం
5 డిసెంబరు 2024

సంధ్యా,

నవంబరు నెలాఖరు అన్నావు. నెలాఖరు వెళ్ళిపోయింది. పెట్టె లేదు, ఉత్తరం లేదు.

మొన్న మీ నాన్నని అడిగాను. "ఇంటికి ఏదీ రాలేదప్పా" అన్నాడు. దాసు అబద్ధం ఆడడు, వాడికి ఆ తెలివి లేదు. కాబట్టి నువ్వు పంపలేదు. ఆర్డరిచ్చాక రాత్రి మంచమ్మీద పడుకుని ఒకవేళ, ఒకవేళ అనుకుని ఉంటావు. పొద్దున్నే రద్దు చేసి ఉంటావు. ముసలిది ఎముక విరగ్గొట్టుకుంటే ఆ పాపం నాకెందుకని.

ఆ మాట సూటిగా రాసి ఉంటే నేను బాధపడేదాన్ని కాదు. నువ్వు, మీ నాన్న, ప్రవల్లిక, ముగ్గురూ కలిసి ఒక్క శాలువా పట్టుకుని నిలబడ్డారు. తలా ఒక కొస.

నేను పాత కర్రలతోనే ఆడతాను. మడుగులో ఎన్ని బంతులు పడతాయో పడనీ.

అచ్చియ్యమ్మ


హైదరాబాదు
9 డిసెంబరు 2024

అత్తా,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎదురై ఒకదాన్నొకటి పలకరించుకోకుండా పోయినట్టున్నాయి.

నేను రద్దు చేయలేదు. పెట్టె నవంబరు ముప్పై, శనివారం మధ్యాహ్నం చోడవరంలో అందింది. తీసుకున్నవారి సంతకం: దాసు. నాకు తెలిసింది ఇంతే. నాన్న ఫోను ఎత్తడం లేదు.

సంధ్య


చోడవరం
13 డిసెంబరు 2024

సంధ్యమ్మా,

శనివారం అన్నావు చూడు, ఇంక మిగతాది చదవక్కర్లేకపోయింది.

మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, శనివారం నాడు ఇనుము గడప దాటనిచ్చేది కాదు. మేకు కూడా. అది మీ నాన్నకి రక్తంలో ఉంది. శనివారం ఇనుము ఇంటికి తేకూడదు, ఏనాడైనా ఇనుము చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు, ఇస్తే ఇద్దరికీ గొడవ. వంటింట్లో అట్లకాడ అందించమన్నా గట్టు మీద పెడతాడు, నేను తీసుకోవాలి.

నేరుగా మోటారు షెడ్డుకి వెళ్ళాను. స్టార్టరు కింద, యూరియా సంచులు కప్పి, నీ పెట్టె. సంచులు లాగుతుంటే మీ నాన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఒరే దాసూ, ఇంటికేదీ రాలేదన్నావు?"

"ఇంటికి రాలేదు కదప్పా. ఇనప సామాను. శనోరం ఇంట్లోకి తెస్తారేటి? ఇక్కడెట్టేను."

"ఆదివారం తేలేకపోయావా?"

"ఆదోరం అమాస."

"సోమవారం?"



"సోమారం తెద్దారనే వచ్చేనప్పా. పెట్టి మీద చెయ్యి కూడా ఏసేను. అంతలో నిరుడు నువ్వు పెరట్లో పడిపోయి నా పేరెట్టి అరిసినావు సూడు, ఆ అరుపు ఇనబడింది. ఒగ్గీసి ఎల్పోయేను. నీకు సెవుడు, నువ్వెంతలా అరిసినావో నీకు తెల్దు. నాకింకా ఇనబడతంది."

"ఇరవై రెండో తారీఖు పోటీ కూడా అమావాస్యలా వచ్చి పోతుందనుకున్నావా?"

"అనుకున్నాను" అన్నాడు. దాచడం రానివాడితో దెబ్బలాట కూడా కష్టమే.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. దానితోపాటు ఇంకేదో కూడా వచ్చింది, దాన్ని పైకి రానివ్వలేదు. "ఒరే, మంచమ్మీద కూర్చోబెడితే పడననుకుంటున్నావా? మంచమ్మీంచి పడ్డవాళ్ళతోనే మా వార్డు సగం నిండేది. నేను పడతానో లేదో నీ చేతుల్లో లేదు, నా చేతుల్లోనూ లేదు. కొట్టడం ఒక్కటే నా చేతుల్లో ఉంది. మోటారు వెయ్యి" అన్నాను.

"మోటారెందుకప్పా?"

"నేల రాయిలా ఉంది. గరిటెలు ఎగిరి బంతి నెత్తిన కొడతాయని నీ కూతురు రాసింది. గరిక తడవాలి."

వేశాడు. నీళ్ళు ఇంకాక మర్నాడు కొట్టాను. మొదటి బంతి నెత్తినే తగిలింది, నువ్వన్నట్టే. నాలుగోది లేచింది. సంధ్యా, చప్పుడు నాకు వినబడదు గనక నేను చేతుల్తోనే వింటాను. పాత కర్ర చేతుల్లోకి అరుస్తుంది. ఇది చిన్నగా చెప్పి ఊరుకుంది. బంతి చిన్నతల్లి వాళ్ళు కట్టిన చెరుకు మోపుల మీదుగా పోయి అవతల పడింది. వాళ్ళు ఈల వేశారట, మీ నాన్న చెప్పాడు.

ఎనిమిదీ తొమ్మిదీ మాత్రం నాకు లొంగడం లేదు. దగ్గర దెబ్బలకి మొరటుగా ఉన్నాయి. అక్కడ పాతవే వాడతాను. నీ రెండో రకమే సరైనదని ఒప్పుకోవాలి కదా? ఒప్పుకోను. నా సగం సగం నేనే చేసుకున్నాను.

నీమీద రాసిన మాటలు రాసేశాను, వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. నువ్వే వాటిమీద గీత కొట్టెయ్.

మీ అత్త

ఇంకో విషయం. సంచీ మోయడానికి ఇరవై రెండున మీ నాన్న వస్తాడట. "నువ్వు పడితే పట్టుకుంటాను" అన్నాడు. "నువ్వు పడితే నన్నేం చేయమంటావు?" అన్నాను.


హైదరాబాదు
17 డిసెంబరు 2024

అత్తా,

గీత కొట్టాను. నా ఉత్తరంలో "శాలువా కప్పించుకో" అన్న ముక్క మీద నువ్వు కొట్టు.

నాన్న నిన్న ఫోన్ చేశాడు. పొలం కబుర్లేవో చెప్పాడు. చివరికి "అమ్మీ, గోల్ఫులో పడిపోయినోళ్ళున్నారా?" అన్నాడు. ఉన్నారన్నాను. "మరి లెగిసినోళ్ళు?" అన్నాడు. వాళ్ళూ ఉన్నారన్నాను.

ఇన్నాళ్ళూ నీ భయాన్ని కూడా నేనే పడుతున్నాననుకున్నాను. నీకసలు ఆ భయమే లేదు. అది నాదీ, నాన్నదీ.

ఇంకో సంగతి. ఆ షాపులో శనివారాలు నేర్పిస్తారట. చేరాను. ఇప్పటిదాకా బంతికి తగిలినవి తక్కువ, కింద పరిచిన చాపకి తగిలినవి ఎక్కువ. పక్క గదిలో కుర్రవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. వచ్చేవారం మళ్ళీ వెళ్తాను.

ఆ మడుగు దాటు. దాటకపోయినా, దాని ఒడ్డున నిలబడు.

సంధ్య


చోడవరం
24 డిసెంబరు 2024

సంధ్యా,

మొదటినుంచీ చెబుతాను, ముందుకి గెంతకు.

తొలి బస్సుకే బయల్దేరాం. కండక్టరు సంచీ చూసి "ఏటి మామా, గేలం కర్రలా?" అన్నాడు. మీ నాన్న రొమ్ము విరుచుకుని, "మా అప్పయి. గోల్ఫు. పోటీ ఉంది" అన్నాడు. మోటారు షెడ్డులో దాచిన మనిషే ఇతడు.

క్లబ్బులో వేదిక మీద నా పేరున్న కుర్చీ వేసే ఉంది. ప్రవల్లిక పరిగెత్తుకొచ్చి, "ఆంటీ, పోనీ ముందు గీత దగ్గర్నించి ఆడండి, మీకు దూరం కలిసొస్తుంది" అంది. "అందరూ ఎక్కడ నిలబడితే అక్కడే" అన్నాను. నా గరిటెల్ని చూసి ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకున్నారు. నేనొకటి తీసి పైకెత్తి చూపించాను, బాగా కనబడాలని.

ఇంక మీ నాన్న. కర్ర కావాలంటే సంచీలోంచి తీసి, గడ్డి మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేస్తాడు. నేను వంగి తీసుకోవాలి. కొట్టాక నేను గడ్డి మీద పెట్టాలి, అప్పుడు వాడు తీసుకుంటాడు. నడుం పడిపోయింది నాకు. నాతో ఆడుతున్న డాక్టరమ్మ కాసేపు చూసి, అది పాతకాలపు మర్యాద కాబోలనుకుని తన సహాయకుడితో కూడా అలాగే పెట్టించుకుంది. నేను నవ్వాపుకోలేక ఒక బంతి చెట్లలోకి కొట్టాను.

ఏడో హోలు. మడుగు. ఎదురుగాలి, నువ్వనుమానపడ్డట్టే. మొదటి బంతి ఎత్తుగా లేచి, గాలికి ఆగిపోయి, నీళ్ళలో పడింది. అలా పడితే మా క్లబ్బులో అవతల గట్టు దగ్గర ఇంకో బంతి పెట్టుకుని ఆడొచ్చు, ఒక దెబ్బ ఎక్కువ లెక్కేస్తారు. డాక్టరమ్మ అదే చెప్పింది. నేను కదల్లేదు. రెండోది కొట్టాను. అది ఒడ్డుకి తగిలి వెనక్కి దొర్లింది. వెనక వచ్చే నలుగురూ వచ్చి నిలబడ్డారు. ప్రవల్లికా వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం నాకు బాగా వినబడింది.

"ఒరే దాసూ, ఇది చాలదు. పెద్దది తియ్. ఐదు" అన్నాను.

వాడు ఐదు తీశాడు. గడ్డి మీద పెట్టడానికి వంగాడు. వంగినవాడు ఆగిపోయాడు. లేచి నా దగ్గరకి వచ్చి, కర్ర తిన్నగా నా చేతిలో పెట్టాడు. వాడి చెయ్యి చల్లగా ఉంది.

"చేతికిచ్చేవేట్రా, గొడవొస్తాది" అన్నాను.

"రానీ అప్పా. కొట్టు."

కొట్టాను. తగిలింది నడిబొడ్డున కాదు, నాకు తెలుసు, కొంచెం బయటకి తగిలింది. పాత కర్రైతే మణికట్టు కెవ్వుమనేది. ఇది చిన్నగా చెప్పింది. బంతి మడుగు మీదుగా, గాలికి కాస్త వంగి, అవతలి గట్టున పడి, ఒక్క గెంతు గెంతి ఆగింది. చప్పట్లు కొట్టారేమో తెలియదు. మిషను ఈల వేస్తోంది, తీసి రొంటిన దోపాను.

వెనక్కి తిరిగితే మీ నాన్న లేడు. పంచె ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్ళలో దిగి, ములిగిన బంతుల కోసం కెలుకుతున్నాడు. "మనవే కదప్పా, ఒగ్గీడం దేనికి?" అంటున్నాడట. ఒక్కటి దొరికింది. మనది కాదు.

పోటీలో నాది చివరి నుంచి రెండో స్థానం. చివరావిడ జ్వరంతో మధ్యలోనే వెళ్ళిపోయింది. సాయంత్రం బహుమతులయ్యాక ప్రవల్లిక శాలువా పట్టుకుని వచ్చింది, కళ్ళనిండా నీళ్ళు, నన్ను నొప్పించానేమోనని. పిచ్చిపిల్ల. దగ్గరకి తీసుకుని, "ఆటలో ఉన్న మనిషికి శాలువా కప్పరమ్మా, చెమట పడుతుంది" అన్నాను. ఆ శాలువా తీసుకుని, కింద తడి పంచెతో వణుకుతూ కూర్చున్న మీ నాన్నకి కప్పాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. వాడు కంగారుపడి, "నాకెందుకప్పా, నేనేటి సేసేను?" అన్నాడు.

"నాకోసం భయపడే ఉద్యోగం నుంచి నువ్వు రిటైరయ్యేవురా" అన్నాను.

బస్సులో అదే కప్పుకుని నిద్రపోయాడు. ఐదు నంబరు వాడి ఒళ్ళోనే ఉంది.

నువ్వు చాపకి కొట్టింది చాలు. నీ సొంత సెట్టు కొనుక్కుని ఇక్కడికి రా, నీళ్ళు పెట్టిన గరిక ఉంది, ఈల వేయడానికి చిన్నతల్లి ఉంది. రోజు మాత్రం చూసుకుని రా. శనివారమే రా. ఇనుము భుజాన వేసుకుని గడపలో కాలుపెట్టు, ఎదురు నేనే వస్తాను.

మీ అత్త
అచ్చియ్యమ్మ, క్రీడాకారిణి